క్లోజర్ భాషలో డేటా వ్యాలిడేషన్ లైబ్రరీని ఎంచుకోవడం: స్కీమా, స్పెక్, మల్లిలను ఒకే పరీక్షకు పెట్టే పద్ధతి

క్లోజర్ ప్రోగ్రాములోకి బయటి నుంచి వచ్చే సమాచారం అంతా చివరికి మ్యాపులుగా, వెక్టర్లుగా, స్ట్రింగులుగా చేతికందుతుంది. మ్యాపులో ఉండవలసిన కీలన్నీ ఉన్నాయా, వాటి విలువలు మనం అనుకున్న రకానివేనా అని కంపైలర్ ముందుగా చూసి పెట్టదు, ఎందుకంటే ఈ భాషలో రకాల తనిఖీ ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే జరుగుతుంది. ఆ పనిని మనమే పూనుకుని చేయాలి, లేదా ఒక వ్యాలిడేషన్ లైబ్రరీకి అప్పగించాలి. అలా అప్పగించదగిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలు క్లోజర్‌లో ప్రధానంగా మూడు ఉన్నాయి: ప్లూమాటిక్ స్కీమా, క్లోజర్ స్పెక్, మల్లి.

వీటిని పోల్చడానికి సదుపాయాల పట్టిక గీస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. జాబితాల తనిఖీ, ఐచ్ఛిక కీలు, ఫంక్షన్ల తనిఖీ, నమూనా డేటా తయారీ వంటి గడులన్నిటిలోనూ మూడింటికీ ఏదో ఒక రూపంలో ‘ఉంది’ అనే రాయవలసి వస్తుంది. తప్పుడు డేటా ఎదురైనప్పుడు వీటిలో ఒక్కొక్కటి ఒక్కో విధంగా ప్రవర్తిస్తుంది, ఎంపికను నిర్ణయించవలసింది ఆ ప్రవర్తనే. అందువల్ల మీ ప్రాజెక్టులోని ఒక నిజమైన డేటా ఆకారాన్ని తీసుకుని, దాన్ని మూడు లైబ్రరీల్లోనూ రాసి, ఒకే రకమైన తప్పులను మూడింటికీ ఇచ్చి చూడమని నా సలహా. ఇందుకు ఒక పూట చాలు. ఆ పరీక్షను ఎలా నడపాలో, ఏ దశలో దేన్ని గమనించాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మూడింటి నేపథ్యం

స్కీమా వీటిలో వయసులో పెద్దది. దీన్ని 2013లో ప్రిస్మాటిక్ అనే సంస్థ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. తరువాత ఆ లైబ్రరీ ప్లూమాటిక్ పేరుతో కొనసాగింది. ఇందులో మ్యాపు ఆకారాన్ని చెప్పడానికి మామూలు క్లోజర్ మ్యాపునే రాస్తాము: కీకి ఎదురుగా విలువ ఉండే చోట ఆ విలువ రకాన్ని పెడతాము. డేటా ఎలా కనిపిస్తుందో దాని వర్ణనా అలాగే కనిపిస్తుంది కాబట్టి కొత్తగా చేరిన ప్రోగ్రామర్ కూడా తొలి చూపులోనే చదవగలడు.

స్పెక్ భాష నిర్మాతల సొంత లైబ్రరీ. దీన్ని 2016లో ప్రకటించారు, 2017 డిసెంబరులో వచ్చిన క్లోజర్ 1.9 నుంచి ఇది భాషతో పాటే వస్తోంది. భాషలోని ముఖ్యమైన మ్యాక్రోలకు ఇచ్చే ఆర్గ్యుమెంట్ల ఆకారాన్ని తనిఖీ చేసేది కూడా స్పెక్కే, కనుక మీరు వాడినా వాడకపోయినా అది మీ ప్రోగ్రాములో ఇప్పటికే ఉంది. దాని నేమ్‌స్పేస్ (పేర్లను ఒక గుంపుగా ఉంచే విభాగం) పేరులో ‘ఆల్ఫా’ అనే మాట నేటికీ ఉన్నా, చాలా ప్రాజెక్టులు ఏళ్ల తరబడి దానిపైనే నడుస్తున్నాయి. ఆ మాటను చూసి వెనక్కు తగ్గనక్కరలేదు, అయితే ఆ తరువాతి రూపం ప్రయోగంగా వేరే రిపాజిటరీలో ఉందన్న సంగతిని మాత్రం గుర్తుంచుకోవాలి.

మల్లిని ఫిన్లాండ్‌కు చెందిన మెటోసిన్ సంస్థ రూపొందించింది. వెబ్ రూటింగ్ కోసం చాలామంది వాడే రైటిట్ లైబ్రరీ కూడా వారిదే. పేరు చూడగానే మనకు పువ్వు గుర్తుకు వస్తుంది కాని, ఫిన్నిష్ భాషలో ఆ మాటకు నమూనా అని అర్థం. ఇందులో డేటా ఆకారాన్ని వెక్టర్ల రూపంలో రాస్తాము. ఆ వర్ణన మొత్తం మామూలు డేటాయే అయినందున దాన్ని ఫైలులో దాచుకోవచ్చు, డేటాబేసులో పెట్టవచ్చు, నెట్‌వర్క్ మీదుగా బ్రౌజరుకు పంపవచ్చు.

బౌన్సర్, స్ట్రక్ట్ వంటి చిన్న లైబ్రరీలు కూడా ఉన్నాయి. ఒకటి రెండు ఫారాలను తనిఖీ చేయడమే పని అయితే అవి సరిపోతాయి. వ్యవస్థ అంతటికీ ఒకే వర్ణన కావాలనుకునేవారికి పోటీ పై మూడింటి మధ్యే ఉంటుంది. మూడూ ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్సు కిందనే ఉన్నాయి, మూడూ క్లోజర్‌స్క్రిప్ట్‌లోనూ (జావాస్క్రిప్ట్‌గా మారే క్లోజర్ రూపం) పనిచేస్తాయి కనుక ఈ రెండు విషయాల్లో ఎంచుకునేదేమీ లేదు.

పరీక్షకు కావలసిన డేటా

మీ ప్రాజెక్టు నుంచి ఒక ఆకారాన్ని తీసుకునేటప్పుడు అది మరీ సులువైనదిగా ఉండకూడదు. నేను ఇక్కడ ఒక ఆర్డరును ఉదాహరణగా తీసుకుంటున్నాను: దానికి యూయూఐడీ రూపంలో గుర్తింపు సంఖ్య, ఈమెయిల్, ఆర్డరు చేసిన తేదీ, ఐచ్ఛికంగా డెలివరీ తేదీ, వస్తువుల జాబితా ఉంటాయి. జాబితాలోని ప్రతి వస్తువుకూ ఒక కోడు, ఒకటికి తగ్గని సంఖ్య ఉండాలి. డెలివరీ తేదీ ఉంటే అది ఆర్డరు తేదీకి తరువాతిదై ఉండాలి. ఒక దానిలో ఒకటి ఇమిడిన ఆకారం, ఐచ్ఛిక కీ, రెండు కీలను కలిపి చూడవలసిన నియమం అనే మూడు అంశాలూ మీ నమూనాలో ఉండేలా చూసుకోండి.

ఆ తరువాత తప్పుడు డేటా తయారు చేయాలి. ఒక ప్రతిలో ఈమెయిల్ కీని తీసేయండి. ఇంకొక ప్రతిలో వస్తువుల సంఖ్యను మూడు అనే అంకెగా కాక, అదే అంకె ఉన్న స్ట్రింగుగా పెట్టండి. ఇంకొకదానిలో డెలివరీ తేదీ అనే ఐచ్ఛిక కీ పేరులో ఒక అక్షరాన్ని కావాలనే తప్పుగా రాయండి. మరొకదానిలో ఆ కీని సరిగానే ఉంచి విలువగా నిల్ (ఏ విలువా లేదని చెప్పే గుర్తు) ఇవ్వండి. ఒకదానిలో జాబితాలోని మూడో వస్తువు సంఖ్యను సున్నా చేయండి. చివరిదానిలో డెలివరీ తేదీని ఆర్డరు తేదీకన్నా ముందటి తేదీగా మార్చండి. ఈ ఆరింటినీ ఒక టెస్టు ఫైలులో పెట్టుకుని మూడు లైబ్రరీలతోనూ నడపాలి.

ఈమెయిల్ లేని ఆర్డరును మూడూ పట్టుకుంటాయి. నిల్ విషయంలోనూ మూడింటి తీరూ ఒక్కటే: కీ లేకపోవడం వేరు, కీ ఉండి విలువ నిల్ కావడం వేరు అని మూడూ భావిస్తాయి, కాబట్టి కీని ఐచ్ఛికం అని చెప్పినంత మాత్రాన నిల్‌ను అనుమతించవు. జేసన్‌లో (సేవల మధ్య డేటా పంపే పాఠ్య రూపం) నల్ పంపే అలవాటున్న క్లయింట్లతో పనిచేసేవారు నిల్‌ను అనుమతించే రూపాన్ని విడిగా రాసుకోవాలి. మూడింటిలోనూ అందుకు ఏర్పాటు ఉంది. మిగిలిన నాలుగు తప్పుల దగ్గర దారులు వేరవుతాయి.

తెలియని కీల పట్ల వైఖరి

తప్పుగా రాసిన ఐచ్ఛిక కీ ఉన్న ప్రతి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. స్కీమా అప్రమేయంగా మ్యాపును మూసి ఉంచుతుంది. వర్ణనలో లేని కీ ఏది వచ్చినా అనుమతి లేని కీ అని చెప్పి తిరస్కరిస్తుంది, కనుక అక్షర దోషం వెంటనే బయటపడుతుంది. స్పెక్, మల్లి అప్రమేయంగా మ్యాపును తెరిచి ఉంచుతాయి. వాటి దృష్టిలో డెలివరీ తేదీ ఐచ్ఛికం, అది రాలేదు. ఎవరికీ తెలియని కీ ఒకటి అదనంగా వచ్చింది. రెండూ నేరాలు కావు. ఆర్డరు సక్రమమైనదేనని తీర్పు వస్తుంది, వాడుకరి ఇచ్చిన తేదీ మాత్రం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇలాంటి దోషం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. టెస్టులన్నీ నెగ్గుతున్నందువల్ల దాన్ని వెతకాలనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

స్పెక్ మ్యాపులను తెరిచి ఉంచడం ఏమరుపాటు వల్ల జరిగింది కాదు. ఒక వ్యవస్థ కాలక్రమంలో పెరుగుతున్నప్పుడు కొత్త కీలు చేరడం సహజమనీ, తమకు తెలియని కీని చూసి పాత ప్రోగ్రాములు విరిగిపోకూడదనీ దాని రూపకర్త రిచ్ హికీ నమ్మకం. వేర్వేరు బృందాలు నడిపే సేవల మధ్య సందేశాలు తిరిగే చోట ఈ నమ్మకం సరైనదే. పంపేవారు ఒక కొత్త కీని చేర్చిన రోజునే అందుకునేవారి దగ్గర సందేశాలన్నీ తిరస్కరణకు గురైతే అది పెద్ద ఇబ్బంది అవుతుంది. మనిషి నింపే ఫారాలకూ, కాన్ఫిగరేషన్ ఫైళ్లకూ మాత్రం మూసిన మ్యాపే మేలు.

మల్లి ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది. మ్యాపు వర్ణనకు ‘మూసినది’ అనే గుణాన్ని జోడిస్తే అది స్కీమా మాదిరిగా ప్రవర్తిస్తుంది, లోపల ఇమిడి ఉన్న మ్యాపులన్నిటినీ ఒకేసారి మూసే సహాయక ఫంక్షన్ కూడా ఉంది. మూసిన మ్యాపులో అక్షర దోషం దొరికినప్పుడు, ఫలానా కీ రాయబోయి ఇలా రాశారేమో అని సూచించే ఏర్పాటు కూడా దానిలో ఉంది. అదనపు కీలను తిరస్కరించకుండా ఏరివేయాలనుకుంటే అందుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ (డేటాను మార్చే సాధనం) దొరుకుతుంది.

స్పెక్ విషయంలో మరొక సంగతి ఉంది. నేమ్‌స్పేస్‌తో కూడిన కీ మ్యాపులో కనబడితే, ఆ మ్యాపు వర్ణనలో దాన్ని పేర్కొనకపోయినా, రిజిస్ట్రీలో దాని పేరిట స్పెక్ నమోదై ఉంటే దాని విలువనూ స్పెక్ తనిఖీ చేస్తుంది. వ్యవస్థ అంతటా నేమ్‌స్పేస్ కీలు వాడేవారికి ఇది గొప్ప రక్షణ. కాని జేసన్ నుంచి వచ్చే కీలకు సాధారణంగా నేమ్‌స్పేస్ ఉండదు, నేమ్‌స్పేస్ లేని కీలకు ఈ రక్షణ వర్తించదు. పైగా స్పెక్‌లో ప్రతి కీకీ విడిగా పేరు పెట్టి నమోదు చేయాలి గనుక, ‘స్థితి’ అనే ఒకే పేరు గల కీ ఆర్డరులో ఒక అర్థంతోనూ చెల్లింపులో మరొక అర్థంతోనూ వచ్చినప్పుడు రెండింటికీ వేర్వేరు నేమ్‌స్పేస్‌లు కల్పించుకోవలసి వస్తుంది. మీ డేటాలో ఎన్ని కీలకు నేమ్‌స్పేస్ ఉందో లెక్కపెట్టి చూడండి. ఆ లెక్కను బట్టి స్పెక్ మీకు ఎంతవరకు ఉపయోగపడుతుందో చాలావరకు తేలిపోతుంది.

రకం మార్పిడి

స్ట్రింగుగా వచ్చిన మూడును అంకెగా మార్చడం వ్యాలిడేషన్ లైబ్రరీ పనేనా అన్న ప్రశ్నకు స్పెక్ కాదనే జవాబిస్తుంది. స్పెక్‌లో కన్ఫార్మ్ అనే ఫంక్షన్ ఉన్నా, డేటా ఏ ఆకారానికి సరిపోయిందో విడమరచి చెప్పడమే దాని ఉద్దేశం, రకాలను మార్చడం కాదు. కన్ఫార్మర్లతో ఆ పని చేయించవచ్చు గాని, భాష నిర్మాతలు దాన్ని ప్రోత్సహించరు. స్పెక్‌తో ఉంటూ మార్పిడి కూడా కావాలంటే మెటోసిన్ వారిదే అయిన స్పెక్ టూల్స్‌ను జోడించుకోవాలి.

స్కీమాలో మార్పిడికి ప్రత్యేక నేమ్‌స్పేస్ ఉంది. జేసన్‌కు ఒక నియమావళి, స్ట్రింగులకు మరొక నియమావళి సిద్ధంగా ఉంటాయి. మల్లిలో డీకోడ్, ఎన్‌కోడ్ అనే రెండు దిశలూ ఉన్నాయి కనుక లోపలికి వచ్చేటప్పుడు యూయూఐడీగా మార్చిన విలువను బయటకు పంపేటప్పుడు తిరిగి స్ట్రింగుగా మార్చుకోవచ్చు. డీకోడ్ ఎప్పుడూ తిరస్కరించదు, మార్చగలిగినదాన్ని మార్చి, మార్చలేనిదాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలేస్తుంది. అందువల్ల డీకోడ్ తరువాత వ్యాలిడేషన్ తప్పనిసరి. రెండింటినీ కలిపి చేసి, విఫలమైతే ఎక్సెప్షన్ విసిరే కోయర్స్ అనే ఫంక్షన్ కూడా ఉంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మల్లిలోని జేసన్ ట్రాన్స్‌ఫార్మర్, విలువ స్థానంలో స్ట్రింగుగా వచ్చిన మూడును పూర్ణాంకంగా మార్చదు. జేసన్‌కు అంకెలు రాసే విధానం ఉండగా స్ట్రింగు వచ్చిందంటే పంపినవారిదే తప్పని దాని భావన. అదే విలువ యూఆర్ఎల్ క్వెరీ నుంచి వస్తే అక్కడ అన్నీ స్ట్రింగులే కాబట్టి స్ట్రింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడాలి, అది మారుస్తుంది. పరీక్ష నడిపేటప్పుడు మీ డేటా ఏ ద్వారం గుండా వస్తుందో ఆ ద్వారానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్‌నే ఎంచుకోండి, లేకపోతే లైబ్రరీ మీద లేనిపోని తప్పు మోపినట్టవుతుంది.

తప్పును ఎవరికి చెప్పాలి

మూడో వస్తువు సంఖ్య సున్నాగా ఉన్న ప్రతిని ఇచ్చి మూడు లైబ్రరీల జవాబులను పక్కపక్కన పెట్టి చదవండి. స్పెక్ ఏ విలువ, ఏ ప్రెడికేట్ (విలువను చూసి అవునో కాదో చెప్పే ఫంక్షన్) దగ్గర, ఏ దారిలో విఫలమైందో ఒక వాక్యంలో చెబుతుంది. అదే సమాచారాన్ని మ్యాపు రూపంలోనూ ఇస్తుంది. ఈ జవాబు ప్రోగ్రామరు కోసం రాసినది, వాడుకరికి చూపించదగినది కాదు. ఎక్స్‌పౌండ్ అనే లైబ్రరీని జోడిస్తే, తప్పున్న చోటును డేటాలో గుర్తు పెట్టి చూపించే చక్కని సందేశం వస్తుంది గాని, అది కూడా ప్రధానంగా ప్రోగ్రామరు కంటికే. స్కీమా మీరిచ్చిన డేటా ఆకారంలోనే జవాబిస్తుంది: సరైన వస్తువుల స్థానంలో నిల్, తప్పున్న స్థానంలో ఈ విలువ ఈ ప్రెడికేట్‌కు సరిపోలేదన్న సూచన.

మల్లిలోని హ్యూమనైజ్ ఫంక్షన్ కూడా డేటా ఆకారంలోనే జవాబిస్తుంది, కాని ప్రెడికేట్‌కు బదులు మనిషి చదివే వాక్యాన్ని పెడుతుంది. ఆ వాక్యాన్ని వర్ణనలోనే మనం రాసుకోవచ్చు, భాషల వారీగా వేర్వేరు వాక్యాలు కూడా ఇవ్వవచ్చు. ఫారంలో ఏ పెట్టె కింద ఏ సందేశం చూపాలో ఆ జవాబులోనే ఉంటుంది గనుక, సందేశాల కోసం వేరే పట్టికను మోసుకు తిరగనక్కరలేదు. ఫారాలు ఎక్కువగా ఉండే అప్లికేషన్ అయితే ఈ ఒక్క కారణంతోనే నేను మల్లి వైపు మొగ్గుతాను.

విలువ రెండు మూడు రూపాల్లో ఏదో ఒకటి కావచ్చు అని రాసిన చోట మూడు లైబ్రరీలనూ జాగ్రత్తగా చూడాలి. ‘ఇది గాని అది గాని’ అని రాస్తే, విఫలమైనప్పుడు రూపాలన్నిటి తప్పులూ కలగలిసి వచ్చే ప్రమాదం ఉంది. ఏ రూపమో చెప్పే కీ డేటాలోనే ఉంటే, ఆ కీని బట్టి దారి ఎంచుకునే ఏర్పాటును వాడాలి. స్పెక్‌లో అది మల్టీ స్పెక్, మల్లిలో మల్టీ, స్కీమాలో కండిషనల్.

రెండు కీలను కలిపే నియమం

డెలివరీ తేదీ ఆర్డరు తేదీకి తరువాతిదై ఉండాలన్న నియమాన్ని మూడింటిలోనూ మ్యాపు వర్ణనకు పైన ఇంకొక ప్రెడికేట్‌గా కలుపుతాము. స్పెక్‌లో ‘అండ్’ ద్వారా కలిపినప్పుడు, మొదటి స్పెక్ కన్ఫార్మ్ చేసి ఇచ్చిన విలువే రెండో ప్రెడికేట్‌కు చేరుతుంది. మ్యాపులో ఎక్కడైనా ‘ఆర్’ వాడి ఉంటే ఆ స్థానంలో అసలు విలువకు బదులు శాఖ పేరు, విలువ కలిసిన జంట ఉంటుంది. ఈ సంగతి తెలియక రాసిన తేదీల పోలిక విరిగిపోతుంది, కారణం పట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. మల్లిలో ఈ చిక్కు లేదు, ప్రెడికేట్‌కు అసలు విలువే వెళుతుంది. పైగా తప్పు మొత్తం మ్యాపుది అని చెప్పకుండా డెలివరీ తేదీ దగ్గరే కనబడేలా దారిని సూచించవచ్చు.

ఇదే నియమం నమూనా డేటా తయారీలో ఇంకొక ఇబ్బంది తెస్తుంది. మూడింటి వెనుకా టెస్ట్ చెక్ అనే లైబ్రరీయే ఉంది (స్కీమాకు నమూనాలు పుట్టించే జనరేటర్లు విడి లైబ్రరీలో ఉన్నాయి). రెండు తేదీలను విడివిడిగా యాదృచ్ఛికంగా పుట్టించి తరువాత నియమంతో వడపోస్తే, నియమం ఎంత కఠినమైతే అంత ఎక్కువ నమూనాలు వృథా అవుతాయి. స్పెక్ 100 ప్రయత్నాల తరువాత విఫలమైందని చెప్పి ఆగిపోతుంది. ముందు ఆర్డరు తేదీని పుట్టించి, దానికి కొన్ని రోజులు కలిపి డెలివరీ తేదీని తయారు చేసే జనరేటరును మీరే రాసి జతపరచాలి.

జాబితాల విషయంలో స్పెక్‌ను వాడేవారికి ఒక హెచ్చరిక. కోల్-ఆఫ్ ప్రతి మూలకాన్నీ చూస్తుంది, ఎవ్రీ మాత్రం పెద్ద జాబితాలో కొన్ని మూలకాలనే నమూనాగా చూస్తుంది. ఆ పరిమితి అప్రమేయంగా 101. వేల వస్తువులున్న జాబితాలో ఒక తప్పును ఎక్కడో పెట్టి పరీక్షిస్తే ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. బయటి డేటాకు కోల్-ఆఫ్ వాడడమే సరైనది.

ఒకే ఆర్డరు, పలు సందర్భాలు

ఆర్డరును సృష్టించేటప్పుడు ఈమెయిల్ తప్పనిసరి, సవరించేటప్పుడు కాకపోవచ్చు. ఒక కీ ఐచ్ఛికమా కాదా అన్నది డేటా స్వభావం కాదనీ, సందర్భాన్ని బట్టి మారేదనీ రిచ్ హికీ 2018లో క్లోజర్ కాంజ్ సభలో వాదించారు. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఏ లైబ్రరీని తీసుకున్నా సృష్టికి, సవరణకు, ప్రదర్శనకు మూడు వర్ణనలను పూర్తిగా విడివిడిగా రాసుకుంటే కొన్నాళ్లకే అవి ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి. స్కీమాలో వర్ణన మామూలు మ్యాపే కనుక అసోక్, డిసోక్, మెర్జ్ వంటి మామూలు మ్యాపు ఫంక్షన్లతో ఒకదాని నుంచి మరొకదాన్ని తయారు చేయవచ్చు. మల్లిలో కీలన్నిటినీ ఐచ్ఛికం చేయడానికి, కొన్ని కీలనే ఎంచుకోవడానికి, రెండు వర్ణనలను కలపడానికి సిద్ధమైన ఫంక్షన్లు ఉన్నాయి. స్పెక్‌లో కీల విలువలకు ఒక్కసారే స్పెక్‌లు నమోదు చేసి, సందర్భానికొక కీల జాబితా రాస్తాము.

ఫంక్షన్ల తనిఖీ, వేగం

స్పెక్‌లోని ఇన్‌స్ట్రుమెంట్ ఆర్గ్యుమెంట్లను మాత్రమే తనిఖీ చేస్తుంది. ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువను చూడాలంటే జనరేటివ్ టెస్టు నడపాలి, లేదా ఆర్కెస్ట్రా అనే లైబ్రరీని తెచ్చుకోవాలి. స్కీమా, మల్లి రెండింటినీ చూడగలవు. మల్లి తన వర్ణనల నుంచి సీఎల్‌జే కొండో అనే స్టాటిక్ విశ్లేషకానికి సమాచారం అందించగలదు, దాంతో కొన్ని తప్పులు ప్రోగ్రాము నడపకముందే ఎడిటర్‌లో కనబడతాయి.

వేగాన్ని కొలిచేటప్పుడు సమానమైన వాటినే పోల్చాలి. మల్లిలో వెక్టర్ వర్ణనను ప్రతిసారీ నేరుగా వ్యాలిడేట్‌కు ఇస్తే ప్రతిసారీ దాన్ని కొత్తగా నిర్మించుకోవలసి వస్తుంది. వ్యాలిడేటర్‌ను ఒక్కసారి తయారు చేసి ఆ ఫంక్షన్‌నే తిరిగి తిరిగి పిలవాలి. స్కీమాలోనూ అలా ముందే తయారు చేసుకునే చెకర్ ఉంది. జేవీఎం (క్లోజర్‌ను నడిపే జావా వర్చువల్ మెషిన్) కొద్దిసేపు నడిచాకే వేగం అందుకుంటుంది కాబట్టి, ఒక్కసారి నడిపి గడియారం చూడకుండా క్రైటీరియం వంటి కొలత సాధనాన్ని వాడండి.

ఎంపిక, మార్పు

కొత్తగా మొదలుపెట్టే వెబ్ అప్లికేషన్‌కు, బయటి నుంచి జేసన్, ఫారాలు వచ్చే వ్యవస్థకు నేను మల్లినే ఎంచుకుంటాను. వాడుకరులు తమ ఫారాలను తామే రూపొందించుకునే వ్యవస్థల్లో, వర్ణన డేటాగా ఉండడం వల్ల దానికి దీటైనది మరొకటి లేదు. ఇతరుల కోసం లైబ్రరీ రాస్తూ అదనపు డిపెండెన్సీ పెట్టకూడదనుకుంటే, లేదా వ్యవస్థ అంతా నేమ్‌స్పేస్ కీలతో నడుస్తుంటే స్పెక్ సరైనది. ఇప్పటికే స్కీమాతో చక్కగా నడుస్తున్న ప్రాజెక్టును కేవలం కొత్తదనం కోసం మార్చనక్కరలేదు. రైటిట్ మూడింటినీ అంగీకరిస్తుంది కనుక పాత దారులను స్కీమాలో ఉంచి కొత్త దారులను మల్లిలో రాయడానికి ఏ అడ్డంకీ లేదు.

ఒకవేళ మారాలనే నిశ్చయించుకుంటే ఒక్కో ద్వారాన్నీ విడిగా మార్చండి. కొంతకాలం పాత వర్ణన తీర్పునే అమలు చేస్తూ, అదే డేటాను కొత్త వర్ణనకూ ఇచ్చి, రెండు తీర్పులూ వేరైన ప్రతిసారీ లాగ్ ఫైలులో నమోదు చేయండి. స్కీమా నుంచి మల్లికి వెళ్లేటప్పుడు ఆ తేడాల్లో ఎక్కువ భాగం మూసిన మ్యాపు, తెరిచిన మ్యాపుల దగ్గరే వస్తుంది. వాటిలో ఒక్కొక్కటి కావాలనుకున్న మార్పా, కొత్త వర్ణనలో జరిగిన పొరపాటా అన్నది తేల్చుకున్నాకే పాత వర్ణనను తీసేయండి.